పాత కారు స్క్రాప్‌కిస్తే కొత్తదాని మీద నిజంగా ఎంత మిగులుతుంది?

నయీంనగర్‌వాసి

అందరికీ నమస్తే. నాకు ఏపీ 36 (పాత వరంగల్ రిజిస్ట్రేషన్) నంబరు ఆల్టో ఒకటుంది, 2010 మోడల్, పెట్రోల్. బండి నా పేరు మీదే కానీ నడిపేది మా నాయన. పోయిన ఏడాది 15 ఏళ్లు నిండాయి, ఆర్సీ రెన్యువల్ చేయించలేదు, అప్పటి నుంచి ఇంటి ముందు వేపచెట్టు కింద కవర్ కప్పుకుని పడి ఉంది. ఎడమ వైపు వెనక డోరు కొంచెం ఎత్తి నెడితేనే పడుతుంది. 2024 మేడారం జాతరకు తీసుకెళ్లిన బెల్లం డిక్కీలో కారి మరకైంది, ఎన్నిసార్లు కడిగినా చీమలు పోవట్లేదు. ఇంజన్ మాత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది.

ఎక్స్‌షోరూం 7 లక్షల్లో ఒక చిన్న పెట్రోల్ కారు తీసుకుందామని మొన్న షోరూంకి పోతే అక్కడి సేల్స్ అబ్బాయి "పాతది స్క్రాప్‌కియ్యన్నా, గవర్నమెంట్ 25 శాతం తగ్గిస్తది" అన్నాడు. 7 లక్షల మీద 25 శాతమంటే లక్షా 75 వేలు! సంతోషంగా ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ నవ్వింది, రాత్రికి నాకూ డౌట్ మొదలైంది. స్క్రాప్ సెంటర్‌కి ఫోన్ చేస్తే బరువు లెక్కన 16 వేల దాకా వస్తుందన్నారు. ఇంకోపక్క ఒక బ్రోకర్ ఉన్నది ఉన్నట్టే 45 వేలకు తీసుకుంటా, ఆర్సీ సంగతి నేను చూసుకుంటా అని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఎవరైనా నిజంగా స్క్రాప్‌కిచ్చి లాభపడ్డారా?

లెక్కల_సార్

మీ ఇంట్లోవాళ్లు నవ్వింది కరెక్టే. ఆ 25 శాతం కారు ధర మీద కాదు, మీరు కట్టే లైఫ్ ట్యాక్స్ మీద, అంటే రిజిస్ట్రేషన్‌ అప్పుడు ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్. 2021లో కేంద్రం తెచ్చిన స్క్రాపింగ్ పాలసీలో సొంత బండ్లకు 25 శాతం "దాకా" రాయితీ ఇవ్వొచ్చని ఉంది, అంటే అది పైహద్దు, ఇచ్చేది రాష్ట్రం. మన తెలంగాణ 2024 అక్టోబరులో ఇందులో చేరింది.

మీ లెక్కే వేద్దాం. 5 నుంచి 10 లక్షల కారుకి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ 14 శాతం, 7 లక్షలకు 98 వేలు. అందులో పావు వంతు పూర్తిగా వచ్చిందనుకున్నా 24,500. కంపెనీ డిస్కౌంట్ 5 శాతం ఇవ్వమని కేంద్రం సలహా ఇచ్చింది కానీ 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు ఒప్పుకున్నది 1.5 శాతం లేదా 20 వేలు, ఏది తక్కువైతే అది, అదీ ఒక ఏడాదికని. మీకు 10,500 అవుతుంది. ఇప్పుడు ఇస్తున్నారో లేదో షోరూంలో కొటేషన్ మీద రాయించుకోండి, నోటి మాట వద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అంటారు, కారుకి అది 600. తుక్కు కింద వచ్చే 16 వేలు కలిపి అన్నీ కలిసొస్తే 51,600. లక్షా 75 వేలెక్కడ, ఇదెక్కడ!

ఇంకో మెలిక ఉంది. స్క్రాప్ డిస్కౌంట్ తీసుకుంటే ఎక్స్‌చేంజ్ బోనస్ (పాత బండి షోరూంకే ఇస్తే కొత్తదాని మీద తగ్గించేది) రాదు, రెండింట్లో ఒకటే. నిజం చెప్పాలంటే 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగడం వల్ల మిగిలేది దీనికంటే ఎక్కువ, దానికి పాత బండి ఉండాల్సిన పని కూడా లేదు.

ఆటోనగర్_మెకానిక్

అన్నా, సెల్ఫ్‌కే అందుకునే బండిని తుక్కుకిస్తావా? స్క్రాప్ సెంటర్‌లో టైర్లు కొత్తవైనా అరిగినవైనా కిలో లెక్కే, నీ ఇంజన్ కండిషన్ వాళ్లకెందుకు? డోరు సంగతి అంటే కబ్జా (డోరు తిరిగే మడత బందు) పిన్ను అరిగి ఉంటది, పెద్ద పని కాదు.

ముందు ఆర్సీ రెన్యువల్ చేయించు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకి ఫీజు 600 నుంచి 5 వేలైంది, దాని మీద గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్సు, బ్రేకులు లైట్లు సరిచేసుడు, అన్నీ కలిపి 20 వేలు వేసుకో. ఇంకో ఐదేళ్లు బతుకుతది. ఆర్సీ ఉన్న ఆల్టోకి నర్సంపేట, పరకాల సైడ్ నుంచి డ్రైవింగ్ నేర్చుకునేటోళ్లు 75, 80 వేలు పెట్టడానికి మా షాపుకే వస్తరు. ఖర్చులు పోను 55, 60 వేలు నీ చేతికి. స్క్రాప్ కంటే ఎక్కువే, పైగా ఎవరి రాయితీ కోసమూ ఎదురుచూసే పని లేదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్ల గొడవ ఢిల్లీది, మన దగ్గర అది లేదు. బాగా భయపెట్టి తుక్కు రేటుకి కొనేటోళ్లున్నరు, జాగ్రత్త.

కాజీపేట_జంక్షన్

మిగతావి ఏమో కానీ ఆ బ్రోకర్‌కి మాత్రం ఇవ్వకండి బ్రదర్. నేను ఇచ్చి బుద్ధి తెచ్చుకున్నా. నా పాత బండికీ ఆర్సీ గడువు అయిపోయింది, "ట్రాన్స్‌ఫర్ నేను చేయించుకుంటా" అని సంతకాలు పెట్టించుకుని పోయాడు. ఎనిమిది నెలలు చప్పుడు లేదు. తర్వాత కరీంనగర్ రోడ్డు మీద ఓవర్‌స్పీడ్ అని నా ఫోన్‌కి చలాన్లు మొదలయ్యాయి, మొదటిది చూసి పొరపాటనుకున్నా, నాలుగోది వచ్చాక బ్రోకర్ నంబరు స్విచ్ఛాఫ్. దేవుడి దయ, యాక్సిడెంట్ కాలేదు, అయితే కోర్టు చుట్టూ తిరగాల్సింది నేనే.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి. కొత్త కారు కొన్నప్పుడు నా పేరు మీద పాతది ఇంకా ఉన్నట్టు ఆన్‌లైన్‌లో కనిపించింది. మన దగ్గర ఒకరి పేరు మీద రెండో కారైతే లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ. 7 లక్షలకు 14 వేలు! అంటే మీ బ్రోకర్ ఇచ్చే 45 వేలు నిజానికి 31 వేలే. అమ్మినా, తుక్కుకిచ్చినా, కొత్తది బుక్ చేసేలోపు పాతది మీ పేరు మీద నుంచి పోవాలి. రిజిస్టర్డ్ సెంటర్‌లో స్క్రాప్ చేస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు, రాయితీకి అదే కావాలి. పాత ఇనుప సామాన్ల దుకాణంలో అమ్మితే అదేమీ రాదు.

కరీంనగర్_టు_డెట్రాయిట్

ఇక్కడ అమెరికాలో 2009లో ఇలాంటిదే పెట్టారు, క్యాష్ ఫర్ క్లంకర్స్ అని. పాత బండికి 3,500 లేదా 4,500 డాలర్లు నేరుగా కొత్తదాని ధరలో తగ్గించేవారు. వెయ్యి డాలర్లు కూడా రాని బండికి 4,500 ఇస్తామంటే జనం ఎగబడ్డారు, రెండు నెలలు కూడా తిరగకముందే 300 కోట్ల డాలర్లు అయిపోయాయి. కొన్నవాడికి లాభమే. కానీ ఇచ్చిన బండ్ల ఇంజన్లలో ఆయిల్ తీసేసి సోడియం సిలికేట్ పోసి, బిగుసుకుపోయేదాకా నడిపి చంపేశారు. బాగున్న ఇంజన్లు కూడా. ఆ సెకండ్ హ్యాండ్ బండ్ల మీద బతికే స్టూడెంట్లం మేము, మాకు చవక బండ్లు ఆ మేరకు తగ్గాయి. మన దగ్గర ఇచ్చేది ఎటూ చిన్నమొత్తం, నడిచే బండిని అప్పగించేంత లేదు. పైన మెకానిక్ అన్న చెప్పిన నర్సంపేట పిల్లగాడికే ఆ ఆల్టో దక్కనివ్వండి.

లెక్కల_సార్

మెకానిక్ గారితో ఒప్పుకుంటా, కానీ ఒక షరతు. ఆర్సీ రెన్యువల్ ఇన్స్‌పెక్షన్‌కి ముందు కింద పాన్ (బండి అడుగు రేకు) తుప్పు తిని ఉందా చూడండి. రిపేరు 30 వేలు దాటితే స్క్రాపే నయం, అప్పుడు తిరుగుడైనా తప్పుతుంది. ఎలక్ట్రిక్ కారు ఆలోచన ఉంటే మాత్రం, 2026 డిసెంబరు 31 దాకా ఇక్కడ దానికి రోడ్ ట్యాక్సే లేదు, ఇక స్క్రాప్ సర్టిఫికెట్‌తో తగ్గించడానికి ట్యాక్స్ ఏదీ?

నయీంనగర్‌వాసి

అందరికీ థ్యాంక్స్. షోరూం అబ్బాయిని మళ్లీ అడిగా, "ట్యాక్స్ మీదే అన్నా, నేను అదే అన్న కదా" అంటున్నాడు! బ్రోకర్‌కి వద్దని చెప్పేశా. మెకానిక్ తమ్మీ, ఆదివారం పొద్దున బండి తెస్తా, తుప్పు సంగతి నువ్వే చూసి చెప్పు. ఆ డోరు ముందు చూడు, మా అమ్మ ఎప్పుడూ అటే కూర్చుంటుంది.

ఆటోనగర్_మెకానిక్

తొమ్మిదికి తీసి ఉంచుతా, రా అన్నా. ఆర్సీ లేని బండి, టోయింగ్ మీద తీసుకురా, నడుపుకుంటూ రాకు. బెల్లం మరక మాత్రం నా వల్ల కాదు.