తిరుపతిలో లక్ష రూపాయలు దాటిన వాషింగ్ మెషిన్, డ్రయ్యర్ కొనడం సమంజసమేనా?

అందరికీ నమస్కారం. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటున్న ఉమ్మడి కుటుంబం మాది. నాన్నగారి పంచెలు, అమ్మ నూలు చీరలు రోజూ ఉతకవలసిందే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు మిద్దె మీద ఏవీ ఆరవు. కాబట్టి డ్రయ్యర్ తప్పనిసరి. హీట్ పంప్ రకమైతే వేడిని వృథాగా బయటికి వదలకుండా మళ్లీ వాడుకుంటూ తక్కువ ఉష్ణోగ్రతలో ఆరబెడుతుంది గనుక, కరెంటు ఖర్చు తగ్గడంతోపాటు బట్టలూ ఎక్కువ కాలం మన్నుతాయని తెలుసుకున్నాను. దానికి అదనంగా ఖర్చు పెట్టడం న్యాయమేనని నా అభిప్రాయం.

నా సందేహమంతా వాషింగ్ మెషిన్ గురించే. ఖరీదైన యంత్రాలు తయారుచేసే జర్మనీ సంస్థ మీలే తన యంత్రాలను 20 ఏళ్ల వాడకానికి సరిపడేలా పరీక్షిస్తామని చెబుతుంది. కానీ మా బోరు నీళ్లు బాగా కఠినమైనవి. నీటిని కాచే హీటరు మీద సున్నం పేరుకోవడమన్నది యంత్రం ఖరీదును చూసి ఆగదు. పైగా టబ్బును విప్పడానికి వీల్లేకుండా అతికించి తయారుచేసే మోడళ్లలో, డ్రమ్ము తిరగడానికి ఆధారమైన బేరింగు ఒక్కటి పోయినా టబ్బు మొత్తం మార్చవలసి వస్తుంది.

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఇటువంటి ఖరీదైన యంత్రాన్ని వారంటీ ముగిసిన తరువాత కూడా వాడుతున్నవారు దయచేసి తమ అనుభవం చెప్పగలరా? మరమ్మతుకు మనిషి స్థానికంగా దొరుకుతున్నారా, లేక చెన్నై నుంచి రావలసి వస్తోందా? మధ్యరకం మెషిన్ కొని, మిగిలిన డబ్బుతో ఇంటికంతటికీ నీటి కఠినత్వం తగ్గించే వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టించుకోవడం మేలంటారా?