ఇంటికొచ్చినవాళ్ళ మీదకి దూకే కుక్క: మీరెలా మాన్పించారు?

రాణీ వాళ్ళమ్మ, కూకట్‌పల్లి
మా ల్యాబ్రడార్‌కి ఏడాది దాటింది, 30 కిలోలుంటుంది. గేటు తీస్తే చాలు వచ్చినవాళ్ళ భుజాల మీద కాళ్ళేసేస్తుంది. మా అత్తగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, ఎక్కడ పడిపోతారోనని ఒకటే టెన్షన్. లిఫ్ట్‌లోనూ ఇదే గొడవ. ఎవరైనా మాన్పించారా? ట్రైనర్‌ని పెట్టుకుంటే ఎంతవుతుంది?

ఏలూరు శీను
దూకగానే మోకాలితో రొమ్ము మీద ఒక్కటివ్వండి, మళ్ళీ దూకదు. మా నాన్న కాలం నుంచీ ఇదే పద్ధతి. మా రాజపాళయం జాతి కుక్క ఇంతవరకూ ఎవరి మీదా కాలెయ్యలేదు.

బ్రౌనీ అక్క
శీను గారూ, దయచేసి ఇలాంటివి చెప్పకండి. పక్కటెముకలకి దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు? భయపడ్డ కుక్క కరవడం మొదలెడుతుంది. అది దూకేది మన మొహం దగ్గరికి రావాలని. చేతులు కట్టుకుని, పలక్కుండా వీపు తిప్పేయండి, నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టిన క్షణంలోనే వంగి నిమరండి. "దిగు దిగు" అంటూ చేతులతో తోస్తే దానికది ఆట.

ఏలూరు శీను
మీ కుక్క మీ మాట వింటుందా మరి? నాది వింటుంది.

కే9 రిటైర్డ్
మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలతో పనిచేసినవాణ్ణి, ఇద్దరూ కాస్త ఆగండి. దూకొద్దని చెప్తే సరిపోదు, బదులుగా ఏం చెయ్యాలో నేర్పాలి. మనిషి కనబడగానే కూర్చోవాలి, కూర్చుంటేనే పలకరింపు, బిస్కెట్ ముక్క. మొదట్లో దూకడం ఇంకా పెరుగుతుంది, అక్కడే అందరూ వదిలేస్తారు. ఇంట్లో ఒక్కరు ముద్దుచేసినా నేర్పిందంతా వృథా.

నెల్లూరు నర్స్
దూకినప్పుడు గోళ్ళు గీసుకుంటాయి కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? గీసుకుంటే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి, రేబిస్ ఇంజెక్షన్‌కి వెళ్ళాలి.

వరంగల్ వినోద్
పెంపుడు కుక్క, టీకా వేయించాం, ఇంకా ఇంజెక్షనేంటండీ? ఊరికే భయపెడతారు.

నెల్లూరు నర్స్
భయపెట్టట్లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. రక్తం రాని గీతకైనా టీకా కావాలి, రక్తమొస్తే సీరమ్ (గాయం దగ్గర వేసే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా. టీకా చర్మంలో వేసేదైతే 0 (మొదటి డోసు వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో. కుక్క 10 రోజులు ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరే తేలుస్తారు, మీరూ నేనూ కాదు.

వరంగల్ వినోద్
మా వెటర్నరీ డాక్టర్ అక్కర్లేదన్నారు.

నెల్లూరు నర్స్
ఆయన చూసేది కుక్కని. మనుషుల డాక్టర్‌ని అడగండి.

మియాపూర్ మధు
లిఫ్ట్ అన్నారు కాబట్టి చెప్తున్నా, మా అసోసియేషన్ వాళ్ళు కుక్కలకి లిఫ్ట్ బంద్ అని బోర్డు పెట్టారు. జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం అలా ఆపకూడదు, ప్రింట్ తీసి ఇస్తే చించేశారు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

బ్రౌనీ అక్క
మధూ, మాకూ అంతే, వేరే చర్చ పెట్టు, అందరం రాస్తాం.

రాణీ వాళ్ళమ్మ, కూకట్‌పల్లి
కే9 గారూ, మా అత్తగారే అది దూకినప్పుడల్లా బిస్కెట్ ఇస్తారు. ఆవిడకి చెప్పలేను.

కే9 రిటైర్డ్
చెప్పక్కర్లేదమ్మా. బిస్కెట్ ఆవిడ చేతే ఇప్పించండి, కూర్చున్నాక మాత్రమే. ఆవిడ లేచి నడిచేటప్పుడు కుక్కకి లీష్ వేసి మీరే పట్టుకోండి, ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మంచాన పడిపోతారు.

ఏలూరు శీను
రాజపాళయం పిల్లలు ఎవరికైనా కావాలా? ఏలూరు వచ్చి తీసుకెళ్ళాలి.