సర్వీసింగ్ తర్వాత మైలేజీ పడిపోయింది: ఎయిర్ స్క్రూ నేనే తిప్పొచ్చా?

ప్రశ్న: అన్నలూ, నాన్న వాడిన 2010 మోడల్ 100 సీసీ బండి, కార్బొరేటర్‌ది (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం). మొన్న సర్వీసింగ్ చేయించినప్పటి నుంచి లీటరుకి 60 ఇచ్చేది కాస్తా 42 ఇస్తోంది. సైలెన్సర్ మూతిలో వేలు పెడితే మసి. సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోల్ వాసన. కార్బొరేటర్‌కి రెండు స్క్రూలు కనిపిస్తున్నాయి, ఏది తిప్పాలి?

జవాబు: తమ్ముడూ, ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు, దుమ్ముతో మూసుకుపోయి ఉంటే ఎన్ని చుట్లు తిప్పినా దండగే. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి పెట్రోల్ పాలు పెంచే చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో కూడా చూడు. నేను ఓసారి రెండు వారాలు స్క్రూతో కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, చోక్ సగంలో పట్టేసింది!

అవి బాగుంటే అప్పుడు స్క్రూ సంగతి. తిప్పగానే రేసు పెరిగేది, తగ్గేది ఐడ్లింగ్ స్క్రూ. రెండోది, చిన్నది, మిక్చర్‌ది, అంటే గాలి-పెట్రోల్ పాళ్లని సరిచేసేది. అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని అదుపు చేస్తుంది, బిగిస్తే పెట్రోల్ పాలు ఎక్కువవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే ఉల్టా: వదులు చేస్తేనే పెట్రోల్ పెరుగుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

ఆ మిక్చర్ స్క్రూని మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకో. ఆగాక బలం పెట్టకు, మొన సూదిలా ఉంటుంది, లోపల గాడి పడితే ఇక సెట్ అవ్వదు. అక్కడి నుంచి చుట్టున్నర వెనక్కి తిప్పు. ఓ పది నిమిషాలు బండి నడిపి ఇంజిన్ వేడెక్కాక, ఆరుబయటే నిలబెట్టి, పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ చప్పుడు విను. తిప్పిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఆగు. రేసు బాగా పెరిగి, చప్పుడు తడబడకుండా ఉన్నచోట వదిలేసి, ఐడ్లింగ్ తగ్గించుకో.

ప్రశ్న అడిగినవారు: చేశానన్నా. ఫిల్టర్, చోక్ రెండూ బాగున్నాయి. ఐడ్లింగ్ నున్నగా ఉంది, వాసన తగ్గింది. కానీ ప్లగ్గు ఇంకా నలుపే.

మరొకరి జవాబు: ప్లగ్గు ఎప్పుడు తీశారు? ఐడ్లింగ్‌లో ఉంచి తీస్తే నల్లగానే కనిపించొచ్చు. 45లో రెండు కిలోమీటర్లు నడిపి, క్లచ్ పట్టి అక్కడే ఇంజిన్ ఆపి, చల్లారాక తీయండి. లేత గోధుమ రంగైతే బాగున్నట్టు. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదు, ఇంజిన్ వేడెక్కుతుంది, అది నలుపు కన్నా ప్రమాదం. ఇంకోటి, ఆ స్క్రూ పని ఐడ్లింగ్‌కీ, కొద్దిపాటి రేసుకీ మాత్రమే. మామూలుగా నడిపేటప్పుడు పెట్రోల్‌ని అదుపు చేసేది కార్బొరేటర్ లోపల సూదిలా ఉండే నీడిల్, పెట్రోల్ వచ్చే రంధ్రమున్న మెయిన్ జెట్. నీడిల్‌కి గాడులుంటే, దాన్ని పట్టి ఉంచే క్లిప్ ఏ గాడిలో ఉందో చూడండి.

ప్రశ్న అడిగినవారు: క్లిప్ అన్నిటికన్నా కింది గాడిలో ఉంది! సర్వీసింగ్‌లో విప్పినప్పుడు అలా పెట్టేసినట్టున్నారు.

మరొకరి జవాబు: అందుకే నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ పోతోంది. ఒక్క గాడి పైకి మార్చి, ట్యాంకు నింపి మైలేజీ చూడండి. స్క్రూ, క్లిప్ రెండూ ఒకేసారి మార్చకండి, దేనివల్ల బాగైందో తెలీదు.

ఇంకొకరు: నాది 2021 బండి. నేనూ ఇలా చేసుకోవచ్చా?

జవాబు: 2020 ఏప్రిల్ తర్వాత వచ్చినవి దాదాపు అన్నీ ఇంజెక్షన్ బండ్లే, కార్బొరేటర్ ఉండదు. వాటిలో సెన్సార్లు చూసి ఈసీయూనే (బండిలోని చిన్న కంప్యూటర్) మిక్చర్ సర్దుకుంటుంది. చేయి పెట్టకు తమ్ముడూ, ఎయిర్ ఫిల్టర్ మాత్రం టైముకి మార్చు.