ర్యామ్ బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్ కొనొచ్చా, కూడదా?

స్లాట్‌పిచ్చి:

కొత్త ల్యాప్‌టాప్ కోసం చూస్తున్నాను. సన్నగా, తేలిగ్గా, బ్యాటరీ బాగా నిలిచేది ఏది నచ్చినా, స్పెసిఫికేషన్లలో కింద ఎక్కడో ఒకే ముక్క కనిపిస్తోంది: మెమరీ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంది, తర్వాత పెంచుకునే వీలు లేదు. నా మాట సూటిగా చెప్పేస్తాను. ఇలాంటివి ఎంత బాగున్నా కొనకూడదు. మనం కొంటున్నాం కాబట్టే వాళ్లు చేస్తున్నారు.

మూడేళ్ల తర్వాత నాకు ఎంత ర్యామ్ కావాలో ఈరోజే చెప్పమంటే ఎలా? భయానికి అవసరానికి రెండింతలు ముందే కొనాలి, దానికి కంపెనీ ఎంత చెబితే అంత కట్టాలి. అదే స్లాట్ ఉంటే బయట స్టిక్ కొని, ఏటవాలుగా దూర్చి, క్లిప్పులు టక్కుమనేదాకా కిందికి నొక్కితే అయిపోయె.

పర్సనల్ కంప్యూటర్ ఇంతదూరం వచ్చిందే తెరిచి చూసుకునే వీలు ఉండబట్టి. 1977 నాటి యాపిల్ 2 మూత చేత్తో లేపితే వచ్చేసేది, లోపల 8 స్లాట్లు. 1981లో ఐబీఎం పీసీలో 5 స్లాట్లు ఇచ్చారు. అంతటితో ఆగకుండా సర్క్యూట్ బొమ్మలు, మెషీన్‌ను మొదట మేల్కొలిపే బయోస్ కోడ్‌తో సహా టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకం అచ్చేసి అమ్మారు. 1984లో మొదటి మ్యాకింతోష్ వచ్చేసరికి సీను మారింది. 128 కేబీ మెమరీ బోర్డుకే సోల్డర్ చేశారు, పెట్టె తెరవాలంటే పొడుగాటి టార్క్స్ స్క్రూడ్రైవర్ ఉండాల్సిందే. అయినా జనం ఊరుకోలేదు. 64 కిలోబిట్ల చిప్‌లు 16 పీకేసి, వాటి చోట 256 కిలోబిట్లవి 16 పెట్టి, 512 కేబీ చేసుకున్నారు. వాటి కాళ్లు కనీసం కంటికి కనిపించేవి. ఇప్పటి చిప్‌ల సోల్డర్ బంతులు అడుగున దాక్కుని ఉంటాయి, మామూలు ఐరన్ పట్టుకుని కూర్చుంటే ఏమీ కాదు.

కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ట్రేస్‌లెంగ్త్:

నేను కాదంటాను. స్లాట్‌పిచ్చి గారూ, మీరు రెండు వేరు వేరు సంగతులను ఒకే గాటన కట్టేస్తున్నారు. కంపెనీల దురాశ ఒకటి, సిగ్నల్ లెక్కలు ఇంకొకటి.

స్లాట్‌లోని ర్యామ్‌ను చేరాలంటే సిగ్నల్ ప్రాసెసర్ దగ్గర బయలుదేరి, బోర్డు మీద కాస్త దూరం వెళ్లి, స్లాట్ కాంటాక్టులు దాటి, మళ్లీ స్టిక్ మీద నడవాలి. దారిలో ప్రతి అతుకు దగ్గరా కొంత సిగ్నల్ తిరిగి వెనక్కి కొడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ చిన్న తేడాలే తప్పులవుతాయి. దాన్ని నెగ్గుకు రావాలంటే వేగమైనా తగ్గించాలి, కరెంటైనా ఎక్కువ తాగించాలి. ఎల్‌పీడీడీఆర్ అనే రకం మెమరీ తక్కువ కరెంటుతో అంత వేగం ఇస్తోందంటే, ప్రాసెసర్‌ను ఆనుకుని కూర్చోవడం అందుకు పెద్ద కారణం. మూత మూసి పెట్టిన ల్యాప్‌టాప్ మర్నాడు తెరిస్తే బ్యాటరీ పెద్దగా తగ్గకుండా ఉండటంలో కూడా దాని పాలు ఉంది. ఆ బ్యాటరీ మీకూ నచ్చిందని మొదటి పేరాలోనే రాశారు.

ఇది సాకు అనుకుంటే ఫ్రేమ్‌వర్క్‌ను చూడండి. విడిభాగాలు మార్చుకునే ల్యాప్‌టాప్ అన్న ఒక్క మాట మీద నిలబడ్డ కంపెనీ అది. 2025లో వాళ్లు ప్రకటించిన డెస్క్‌టాప్‌లోనే ర్యామ్ సోల్డర్ చేశారు! అందులోని ఏఎండీ రైజెన్ ఏఐ మ్యాక్స్ చిప్‌కు 256 బిట్ల మెమరీ బస్ ఉంది, అంటే ఒకేసారి 256 బిట్లు మోసే దారి. మాడ్యూల్ పెట్టే వీలుందేమో అని ఏఎండీతో కలిసి చూశారు, ఆ వేగం దగ్గర సిగ్నల్ నిలవదని తేలింది. వాళ్లకు స్లాట్ అంటే ఇష్టం లేక కాదు కదా.

మధ్యేమార్గం రాకుండా లేదు. డెల్ 2022లో క్యామ్ అనే పలక లాంటి మాడ్యూల్ తెచ్చింది. 2023 డిసెంబర్‌లో మెమరీ ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ దాన్ని క్యామ్2 పేరుతో అందరికీ ప్రమాణం చేసింది. 2024లో థింక్‌ప్యాడ్ పీ1 జెన్ 7 అనే ల్యాప్‌టాప్‌లో ఎల్‌పీక్యామ్2 వచ్చింది: అదే ఎల్‌పీడీడీఆర్, కాకపోతే బోర్డుకు స్క్రూలతో అదిమి బిగిస్తారు. అలాంటి మోడళ్లు ఇంకా తక్కువే, అది ఒప్పుకుంటాను.

పాతడబ్బా:

ర్యామ్ చాల్లేదని ల్యాప్‌టాప్ మార్చడం, చెప్పు తెగిందని కాలు మార్చుకున్నట్టుంది. డెస్క్‌టాప్ కొనుక్కోండి, ఈ తలనొప్పే ఉండదు.

హాట్‌ఎయిర్:

నేను రిపేర్ చేసేవాణ్ని. మీరంతా ర్యామ్ మీద పడి కొట్టుకుంటున్నారు గానీ, నా బల్ల మీదికి ర్యామ్ పోయి వచ్చేవి చాలా తక్కువ.

ఎక్కువగా వచ్చేది బ్యాటరీ. "సార్, టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం లేదు" అని తెస్తారు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి పక్కనుంచి చూస్తే టచ్‌ప్యాడ్ ఒక అంచున పైకి లేచి ఉంటుంది. కింద బ్యాటరీ ఉబ్బి దాన్ని తోస్తోందన్నమాట. ఇంకా వాడేద్దాం అనుకునే సరుకు కాదది, వెంటనే ఛార్జర్ పీకేయాలి. ఆ బ్యాటరీ నాలుగు స్క్రూలతో ఉంటే పది నిమిషాల పని. జిగురుతో అంటించి ఉంటే, ఉబ్బిన లిథియం సంచిని వంచకుండా, గుచ్చకుండా లేపాలి. చెమటలు పడతాయి.

తర్వాత హింజ్. స్క్రూ పట్టుకునే ఇత్తడి బుష్ ప్లాస్టిక్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, మూత తెరిచినప్పుడల్లా స్క్రీన్ మూల పగులు తీస్తుంది. తర్వాత ఛార్జింగ్ పోర్ట్. చిన్న బోర్డు మీద విడిగా ఉంటే ఫర్వాలేదు, మెయిన్ బోర్డుకే ఉంటే మళ్లీ సోల్డరింగ్. ఇక కీబోర్డు సంగతి చెప్పక్కర్లేదు. చాలా మోడళ్లలో దాన్ని పై కవర్‌కు ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికిస్తారు. ఒక్క కీ పనిచేయకపోతే కవర్ మొత్తం మార్చాలి, లేదా ఆ రివెట్లన్నీ ఒక్కొక్కటే చెక్కాలి. దీని గురించి ఎవరూ చర్చ పెట్టరు!

నన్నడిగితే ర్యామ్ కన్నా ముందు చూడాల్సింది స్టోరేజీ. ఎస్‌ఎస్‌డీ విడిగా ఎం.2 అనే చిన్న స్లాట్‌లో ఉంటే, బోర్డు చచ్చిపోయినా దాన్ని పీకి ఇంకో మెషీన్‌లో పెట్టి ఫైళ్లు తీస్తాను, లాక్ పెట్టి ఉంటే రికవరీ కీ చాలు. ఎం సిరీస్ చిప్‌ల మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ చిప్‌లు కూడా బోర్డు మీదే, వాటిలోని డేటాకు వేసిన తాళపు చెవి ప్రాసెసర్ లోపల. ఆ బోర్డును మళ్లీ బతికించలేకపోతే బ్యాకప్ లేనివాళ్ల ఫొటోలకు దారి లేదు. "ఎలాగైనా తీయండి" అని బతిమాలేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మాట ఉండదు. ర్యామ్ తక్కువైతే మెషీన్ నెమ్మదిస్తుంది, అంతేగా.

స్లాట్‌పిచ్చి:

హాట్‌ఎయిర్ గారూ, స్టోరేజీ విషయంలో మీ మాటే నా మాట. ర్యామ్‌ను మాత్రం అంత తేలిగ్గా వదలను. "అంతేగా" అన్నారు కదా, ఆ నెమ్మదించడం వల్లే బాగున్న స్క్రీన్, బాగున్న కీబోర్డు, బాగున్న ప్రాసెసర్ అన్నీ అటకెక్కుతున్నాయి. చెడిపోయి కాదు, చాలక. అది మీ బల్ల దాకా రాదు, అందుకే మీ లెక్కలో పడదు. ఇక సోల్డర్ చేసిన చిప్ ఒక్కటి పోయినా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బోర్డు మొత్తం మార్చాలంటారు.

ట్రేస్‌లెంగ్త్ గారు చెప్పిన సిగ్నల్ లెక్కలు కాదనను. 256 బిట్ల బస్ ఉన్న చిప్‌కు అది న్యాయమే. మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ఆ వేగం ఎందుకు? అందులో కూడా 8 జీబీ సోల్డర్ చేసి చేతులు దులుపుకుంటున్నారే, అక్కడ ఏ భౌతికశాస్త్రం అడ్డొచ్చింది?

ట్రేస్‌లెంగ్త్:

8 జీబీ సోల్డర్ చేసి స్లాట్ ఇవ్వని మోడల్‌ను నేనూ సమర్థించను. 8 సోల్డర్ చేసి పక్కన ఒక స్లాట్ ఇచ్చేవి కూడా ఉన్నాయి. వాటిలో 16 స్టిక్ వేస్తే మొత్తం 24లో 16 దాకా డ్యూయల్ చానెల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో నడుస్తుంది, మిగతా 8 సింగిల్. రోజువారీ పనిలో తేడా తెలియదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. "ఇప్పుడు తక్కువ కొని తర్వాత చవగ్గా పెంచుకుంటా" అన్న లెక్క అన్నిసార్లూ ఫలించదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు ఎలా ఎగబాకాయో చూశారు. మెమరీ తయారుచేసే మైక్రాన్ ఆ డిసెంబర్‌లో క్రూషల్ బ్రాండ్ వినియోగదారుల వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. స్లాట్ ఖాళీగా పెట్టుకుని ఎదురుచూసినవాళ్లకు ఏం ఒరిగింది?

స్లాట్‌పిచ్చి:

పాత స్టిక్‌లు పీకి కొత్త మెషీన్‌లో పెట్టుకున్నారు. సోల్డర్ చేసినవి కొన్నవాళ్లు ఆ పని కూడా చేయలేకపోయారు.

అండర్‌వోల్ట్:

నా గొడవ వేరే. మీరు స్క్రూలు చూస్తున్నారు, నాకు తాళం ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్‌లలోనే దాగిన సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తోంది.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ వచ్చింది. బస్ వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే మల్టిప్లయర్‌ను 4.5 దగ్గర లాక్ చేశారు గానీ బస్ వేగాన్ని వదిలేశారు. 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది. బోర్డు ఒప్పుకోకపోతే బీ21 అనే ఒక్క పిన్‌కు చిన్న టేపు ముక్క అంటించేవాళ్లు. ఇప్పుడు టేపుకు లొంగే తాళాలు ఎక్కడున్నాయి?

ఇక ల్యాప్‌టాప్‌లు. ప్రాసెసర్‌కు వోల్టేజీ కాస్త తగ్గించి ఇస్తే వేడి తగ్గేది, ఫ్యాన్ గోల తగ్గేది, పనితీరు అలాగే ఉండేది. పైసా ఖర్చు లేని మోడింగ్. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపెట్టారు. వోల్టేజీని ఆడించి ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రమైన అరలో దాచిన రహస్యాలను కొట్టేయొచ్చన్నది దాని సారాంశం. దాంతో బయోస్ అప్‌డేట్లలో ఆ సౌకర్యానికే తాళం వేసేశారు. ఎస్‌జీఎక్స్ అంటే ఏమిటో కూడా తెలియని నా లాంటి వాడి ల్యాప్‌టాప్ రాత్రికి రాత్రి మళ్లీ వేడెక్కింది. బ్యాటరీ మార్చలేదు, ర్యామ్ మార్చలేదు, ఒక అప్‌డేట్‌కు "ఓకే" నొక్కాను, అంతే.

విండోస్ 11 సంగతీ అంతే. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ అయితే కొద్ది మినహాయింపులతో 8వ తరం ప్రాసెసర్ నుంచే అన్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయింది. రెండు ర్యామ్ స్లాట్లు, ఎం.2 స్లాట్, విప్పదీసే బ్యాటరీ అన్నీ ఉన్న 7వ తరం మెషీన్లు అధికారికంగా పక్కకెళ్లిపోయాయి. లినక్స్ వేసుకున్నవాళ్లు బాగానే నడుపుకుంటున్నారు, అది వేరే కథ.

పాతడబ్బా:

అందుకే డెస్క్‌టాప్ అంటాను. 2017లో ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డు కొన్నవాళ్లు, బయోస్ అప్‌డేట్ వచ్చిన బోర్డయితే, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ దాకా అదే సాకెట్‌లో ప్రాసెసర్లు మార్చుకుంటూ వచ్చారు. అన్ని కంపెనీలూ అంత ఉదారంగా ఉన్నాయనను. ఇంటెల్ 2017లో 8వ తరానికి అదే ఎల్‌జీఏ1151 సాకెట్ ఉంచి, పాత బోర్డుల్లో పనిచేయకుండా చేసింది.

డెస్క్‌టాప్ కొత్తగా విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్లు విడిగా ఊడదీసే పవర్ సప్లై) మార్చినప్పుడు పాత కేబుళ్లు అలాగే ఉంచేయకండి. డిస్క్‌కు తగిలించే చివర అన్నింటికీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు చివరకు మాత్రం ఏ ప్రమాణమూ లేదు, ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా పిన్‌లు తారుమారు కావొచ్చు. అయినా పాత కేబుల్ చక్కగా పట్టేస్తుంది. స్విచ్ నొక్కగానే 5 వోల్టుల తీగలోకి 12 వోల్టులు వెళ్లొచ్చు.

హాట్‌ఎయిర్:

అలా కాలినవి నా దగ్గరికి వస్తుంటాయి. హార్డ్‌డిస్క్ అయితే కాస్త ఆశ ఉంటుంది. పవర్ కనెక్టర్ పక్కన చిన్న టీవీఎస్ డయోడ్ చాలావాటిలో ఉంటుంది, అది ముందు తానే షార్ట్ అయి మిగతా సర్క్యూట్‌ను కాపాడుతుంది. దాన్ని తీసేస్తే కొన్ని డిస్క్‌లు డేటా తీసుకునేంతసేపు తిరుగుతాయి. ఎస్‌ఎస్‌డీలతో అంత అదృష్టం తక్కువ.

కొత్తగాచేరా:

అన్నలూ, ఇదంతా చదివాక టెన్షన్ పెరిగింది. నాకు చదువు కోసం ఒక ల్యాప్‌టాప్ కావాలి, డెస్క్‌టాప్ మోసుకు తిరగలేను. ఏం చూసి కొనాలి?

హాట్‌ఎయిర్:

కొనేముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ సైట్‌లో దొరుకుతుందేమో చూడు తమ్ముడూ. దొరికితే అందులో బ్యాటరీ తీసే పేజీ తియ్యి. వెనక మూత తీసిన వెంటనే బ్యాటరీ వస్తోందా, లేక ముందు మదర్‌బోర్డు తీయమంటున్నారా? కీబోర్డు విడి భాగమా, కవర్‌తో కలిపా? ఎం.2 స్లాట్ ఉందా? ర్యామ్ సోల్డర్ చేసినదైతే ఇప్పుడు సరిపోయేదానికి పై మెట్టు తీసుకో. మాన్యువలే దొరకకపోతే ఆ మోడల్ వదిలెయ్.

నువ్వే విప్పితే స్క్రూలు తీసిన క్రమంలో కాగితం మీద పెట్టుకో. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే కీబోర్డు పక్కన బొడిపె లేస్తుంది, కింద బోర్డు తగిలితే ఇంకా ఘోరం.

స్లాట్‌పిచ్చి:

నేను అనుకున్న మూడు మోడళ్ల మాన్యువళ్లు తెరిచాను. రెండింట్లో బ్యాటరీ స్క్రూలతోనే ఉంది, ఎం.2 ఉంది, ర్యామ్ మాత్రం సోల్డర్. మూడోది లావుగా ఉంది, 300 గ్రాములు ఎక్కువ, రెండు స్లాట్లు. మూడోదే తీసుకుంటున్నా. ట్రేస్‌లెంగ్త్ గారు బ్యాటరీ గురించి దెప్పుతారని తెలుసు, ఛార్జర్ సంచిలోనే పెట్టుకుంటాను.