కిసుముకు సేవకు వస్తున్న, మొదట ఏం చెయ్యాలె?

కాజీపేట తమ్ముడు:
అందరికి వందనాలు. వచ్చే నెల కెన్యాల కిసుముకు వస్తున్న, మా సంఘమే పంపిస్తుంది, అక్కడ ఒక లోకల్ చర్చితోటి కలిసి రెండేండ్లు పని చెయ్యాలె. సౌండ్ బాక్సులు, ప్రొజెక్టర్, కరపత్రాలు అన్నీ రెడీ చేసుకుంటున్న. మొదటి ఆరు నెలల్ల ఎన్ని కూటాలు పెట్టొచ్చు, పిల్లల వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) ఎప్పుడు పెడితే మంచిది, అనుభవం ఉన్నోళ్లు జర చెప్పండి.

హన్మకొండ అన్న, కిసుము:
వందనాలు తమ్మీ. సౌండ్ బాక్సులు ఇంటికాడనే పెట్టి రా, ఇక్కడి చర్చిలల్ల మనకన్న పెద్దయి ఉన్నయ్. 2019 జనాభా లెక్కలల్ల నూటికి 85 మంది క్రైస్తవులమనే రాయించుకున్నరు, మిషనరీ క్రాఫ్ మొంబాసల దిగిందే 1844ల, మన హన్మకొండకు బాప్టిస్టు దొరలు ఇంకా రానే లేదు అప్పటికి. ప్రసంగాలు వీళ్లు చిన్నప్పటి సంది వింటనే ఉన్నరు.

ఇంకో సంగతి, నువ్వు బండి దిగకముందే నీ మీద వీళ్లకు ఒక లెక్క ఉంటది. మనల్ని ఇక్కడ ముహిందీ అంటరు. 1896 నుంచి బ్రిటిషోళ్లు ఉగాండా రైల్వే పనికి ముప్పై వేలకు పైన మన దేశం కూలీలను తెచ్చిండ్రు, ఆ లైను 1901ల ఈ కిసుము కాడనే విక్టోరియా సరస్సుకు ముట్టింది, ఆ ఎనుక వచ్చినోళ్లు దుకాణాలు పెట్టిండ్రు, ఇప్పటికీ టౌన్ల హార్డ్‌వేర్లు, హోల్‌సేల్ షాపులు చాన మటుకు మనోళ్లవే. గందుకే ముహిందీ అంటే సేటు, కౌంటర్ ఎనుక కూసొని పైసలు లెక్కపెట్టెటోడు. ఇక్కడి మనోళ్ల కొన్ని ఇండ్లల్ల పనిమనిషికి చాయ్ కప్పు వేరే ఉంటది, కండ్లార చూసిన. మన దిక్కు హోటళ్లల్ల రెండు గ్లాసుల కత నీకు నేను చెప్పే పని లేదు, మన తాతలు ఆ రెండో గ్లాసుల తాగినోళ్లే, గట్లాంటోళ్లం ఇక్కడికొచ్చి సేట్ల లెక్క కనపడుడు ఉంటది సూడు, వచ్చినంక నీకే ఎరుకైతది. చేతుల బైబిల్ ఉన్నా ముందు సేటువే.

నన్నడిగితే మొదటి ఏడాది ఇచ్చుడు తక్కువ చెయ్, తీసుకొనుడు ఎక్కువ చెయ్. పిలిస్తే పోయి తిను. ఉగాలి అంటే మక్కపిండి ముద్ద, చేత్తోటే తింటరు, పక్కకు సుకుమా వికీ ఆకుకూర, ఒమేనా అని చిన్న చిన్న ఎండు చేపలు, ఎండు చేపల పులుసు తిని పెరిగినోనికి ఏం కష్టముండదు, కారమే ఉండదు పాడుగాను. పోంగనే పని ముచ్చట తీయకు, ముసలామె ఉంటే ముందు ఆమె కాడ కూసొని మంచి చెడు అడుగు, చాయ్ తాగు, ఆ తర్వాతనే ఏదన్న. భాష నేర్పమని పక్కింటి పిల్లగాన్ని అడుగు, నువ్వు తప్పు మాట్లాడితే వాడు నవ్వుతడు, నవ్వనియ్. సరస్సు ఒడ్డు కాబట్టి మలేరియా ఉంటది, జ్వరమొస్తే దాసుకోకు, ఎవరో ఒకలు ఉజీ అని జావ పట్టుకొస్తరు, రానియ్. వాళ్ల చేతి జావ తాగినంక నువ్వు సేటువు ఎట్లైతవ్?

మట్టికి పోవుడు మాత్రం తప్పకు. ఈ దిక్కు ఉండే లువో తెగ వాళ్లు పట్నంల సచ్చినా సొంతూరికి తీస్కపోయే బొందపెడ్తరు, ఎక్కువ శుక్ర, శనివారాలల్ల, టెంట్లు ఏస్తరు, రాత్రంతా పాటలు, చుట్టపోళ్లు ఒక్కొక్కలు లేచి మాట్లాడుతనే ఉంటరు గంటలు గంటలు. ఫోన్ జేబుల పెట్టు. మాట్లాడమంటే రెండు ముక్కలల్ల ముగించు, కుర్చీలు మోసే పని దొరికితే మొయ్యి. నేను పెట్టిన కూటాలు ఎవ్వలకు యాదికి లేవు గని, ఫలానా ముసలాయన మట్టికి వచ్చిండు అని ఇప్పటికీ అంటరు.

ఇదేం నా సొంత తెలివి గాదు. మన డోర్నకల్ అజరయ్య అయ్యగారు 1910ల ఎడిన్‌బరోల మిషనరీల మహాసభల నిలబడి, మీరు మీ ఆస్తులు పేదలకిచ్చిండ్రు, మీ శరీరాలు కాల్చబడేటందుకు ఇచ్చిండ్రు, మేము ప్రేమ గూడ అడుగుతున్నం, మాకు స్నేహితులను ఇయ్యండి అన్నడు. ఎదురుంగ కూసున్నోళ్లు దాదాపు అంతా దొరలే, కొందరికి మస్తు కోపమొచ్చింది. ఆయన గూడ మన దిక్కుకు బయటోడే తమ్మీ, తిరునల్వేలి తమిళాయన, 1909ల డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నడు, 1912ల బిషప్ అయిండు, 1945ల పాణం పోయింది గూడ అక్కడ్నే. ఆ జంక్షన్ల బండి మారినోళ్లం మస్తుమందిమి, దిగి అక్కడి అయ్యగారి గుడి చూసినోళ్లు ఎంతమందో మరి.

కరీంనగర్ అక్క, నైరోబి:
అన్న చెప్పింది మంచిగనే ఉంది గని పంపిన సంఘం ఊకుంటదా? నెల నెల ఫొటోలు, ఎంతమంది రక్షణ పొందిండ్రు అని లెక్క. ఏడాదంతా చాయ్ తాగిండు అని రాస్తే కానుకలు ఆగుతయ్. తమ్మీ, హరాంబీలు గూడ ఉంటయ్ ఇక్కడ, అంటే చందాల మీటింగు, ఫారినర్ అని నిన్ను ముఖ్య అతిథిగ పిలిచి ఎంత ఇచ్చినవో మైకుల చదువుతరు, ఎక్కువిస్తే వారం వారం పిలుపే, ఇయ్యకపోతే పిసినారి ముహిందీ. మామూలుగ ఎంత ఇస్తరో లోకల్ పాస్టర్‌ను ముందే అడిగి గంతనే ఎంపెసల, అంటే ఫోన్ల పైసలు పంపే దాంట్ల, ఎయ్యి. నీ భార్య వస్తే చామాల చేరమను, ఆడోళ్లు తలా ఇంత ఏసుకుంటరు, వంతుల వారీగ ఎత్తుకుంటరు, మన చిట్టీ తీరే. మొగోళ్లకు ఏడాది పట్టే స్నేహం అక్కడ ఆడోళ్లకు రెండు నెలల్ల అయితది.

హన్మకొండ అన్న, కిసుము:
అక్కా చామా సంగతి నేను మరిచే పోయిన, అది పక్కా. రిపోర్టుల ముచ్చట మాత్రం తమ్మీ, కాజీపేటల ఉండంగనే మీ పాస్టరయ్యతోటి తెంపుకో, మొదటి ఏడాది లెక్కలు అడగొద్దని కమిటీ ముంగట చెప్పించు, ఇక్కడికొచ్చినంక ఫోన్ల తెగే ముచ్చట గాదది. సంఘం అడిగినా ఇక్కడోళ్ల పిల్లల ఫొటోలు మాత్రం పంపకు, రేపు వాళ్లే ఫేస్‌బుక్‌ల చూస్తరు. ఇంకా కొందరు పదేండ్లు నీతోటి తిన్నా మన కూటానికి రారు, అయినా వాళ్లింటికి పోవుడు బందు పెట్టకు, కూటానికి రాలేదని బందు పెడితే మొదటి సంది ఎందుకు పోయినవో వాళ్లకు సమజైతది.

ఈటీఏ మీద, అంటే చూడనీకి వచ్చెటోళ్లు ఆన్‌లైన్ల తీసుకునే అనుమతి మీద, వచ్చి సేవ చెయ్యకు, మత, ధార్మిక పనులకు క్లాస్ ఐ పర్మిట్ ఉంటది, పిలిచిన చర్చితోటి ముందే అప్లై చేయించు. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడల ఐపీఎం అనే సర్కారు సంస్థల ఏపించుకో, ప్రయాణానికి పది రోజుల ముందన్న పడాలె, ఆ కార్డు పారేసుకోకు, ఇంటికొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టుల అడుగుతరు. సౌండ్ బాక్సుల కాడ మిగిలిన బరువుకు మామిడికాయ తొక్కు తెచ్చుకో, ఇంటి ఓనరామెకు ఒక డబ్బా వేరే కట్టించు, కారం జర తక్కువేసి.