భూకంప నష్టం నగరాల వరద ముప్పును పెంచుతుందా? చెన్నై ప్రణాళికలో దానికి చోటు ఉండాలా?

వేళచ్చేరి వాసి:
చెన్నై వరదల మాట వచ్చినప్పుడల్లా మనం ఆక్రమణలు, పూడిక, చెంబరంబాక్కం చెరువు గేట్ల దగ్గరే ఆగిపోతున్నాం. 2002లో సవరించిన భవన నిర్మాణ ప్రమాణాలలో ఈ నగరాన్ని రెండవ భూకంప మండలం నుంచి, ముప్పు ఇంకా ఎక్కువగా ఉండే మూడవ మండలానికి మార్చారు. ఆ మార్పు భవనాల చర్చలో వినబడుతుంది గాని, వాన నీటి కాలువల చర్చలో వినబడదు.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2010 సెప్టెంబరు, 2011 ఫిబ్రవరి భూకంపాల వల్ల ఏవన్ నది దిగువ ప్రాంతం కొన్నిచోట్ల అర మీటరుకు పైగా కుంగింది. ఒడ్లు నదివైపు జరగడంతో ప్రవాహమార్గం ఇరుకైంది. నేలలోంచి ఉబికివచ్చిన ఇసుక, ఒండ్రు గొట్టాలలోకీ నదిలోకీ చేరాయి. 2014 మార్చి వానలకు ఫ్లాక్టన్ ప్రాంతంలో ఇళ్లు మునిగాయి. చివరకు అక్కడి ప్రభుత్వ భూకంప బీమా సంస్థ, పెరిగిన వరద ముప్పును కూడా భూమికి జరిగిన నష్టంగానే గుర్తించింది. ఈ సంగతి మన నగరానికి వర్తించదని అనగలమా?

లెక్కల మాస్టారు:
వర్తించదనే నా అభిప్రాయం. 2011 ఫిబ్రవరి భూకంపం తీవ్రత 6.3, అది నగరం అంచునే, చాలా తక్కువ లోతులో వచ్చింది. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి తీరానికి ఆవల వచ్చి, చెన్నైలో జనాన్ని వీధుల్లోకి పరుగెత్తించిన భూకంపం తీవ్రత సుమారు 5.5. ఈ రెండింటి శక్తిలో తేడా దాదాపు పదహారు రెట్లు. పైగా 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మీ వేళచ్చేరి మునిగినప్పుడూ ఏ భూమీ కంపించలేదు. కళ్లెదుట ఉన్న కారణాలను వదిలి, శతాబ్దానికోసారి వస్తుందో రాదో తెలియని దానికి ఖర్చు పెట్టమనడం సబబు కాదు.

కాలువల ఇంజినీరు:
మాస్టారి లెక్క సరైనదే గాని, ప్రశ్న శక్తి గురించి కాదు, వాలు గురించి. కొండ ఊళ్లో కాలువ పది సెంటీమీటర్లు కుంగినా నీరు ఆగదు. చెన్నై లాంటి చదును నేలలో వెయ్యి మీటర్లకు ఒక మీటరు వాలు దొరికితే అదృష్టమే. ఆ వాలులో పది సెంటీమీటర్ల కుంగుబాటు అంటే వంద మీటర్ల పొడవున సంపాదించుకున్న వాలంతా పోయినట్టే. అక్కడ నీరు నిలుస్తుంది, నిలిచిన చోట మట్టి పేరుకుంటుంది, తరువాతి వానకు ఆ కాలువ సగం సామర్థ్యంతోనే మొదలవుతుంది. గొట్టాల అతుకులు విడిపోతే చుట్టూ ఉన్న ఇసుక లోపలికి జారి, పైనున్న రోడ్డు కుంగుతుంది. ఇవేవీ కంపించిన రోజున బయటికి కనబడవు కాబట్టి, భవనం బీటను ఫొటో తీసిన వాళ్లెవరూ వీటిని నమోదు చేయరు.

అయితే నగరమంతా ఒకే నేల కాదు. గిండీ, పరంగిమలై వైపు గట్టి రాయి పైకే ఉంది. అక్కడ నాకు భయం లేదు. అడయారు, కూవం నదుల ఒడ్డున, తీరం వెంట ఉన్న వదులు ఇసుక నేలలో, అదీ భూగర్భ జలం పైకి వచ్చిన ఈశాన్య రుతుపవనాల కాలంలో, బలమైన కంపం వస్తే ఇసుక పట్టు కోల్పోయి బురదలా మారే అవకాశాన్ని తోసిపుచ్చలేం.

పోర్ట్‌బ్లెయిర్ పాత కాపు:
మనవాళ్లు చాలామంది ఉన్న చోటి సంగతి ఒకటి చెబుతాను. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ నీరు వెనక్కి వెళ్లాక కూడా సిప్పీఘాట్ పొలాలు పోటు నీటిలోనే ఉండిపోయాయి. ఆకాశంలో మబ్బు లేకపోయినా వచ్చే వరద అది. ఉత్తర అండమాన్‌లో దీనికి విరుద్ధంగా తీరం పైకి లేచింది.

లెక్కల మాస్టారు:
పాత కాపు గారూ, అది రెండు భూఫలకాల సరిహద్దు. చెన్నై ఆ సరిహద్దు మీద లేదు. ఇక్కడ తీరం మొత్తం ఒక మీటరు దిగిపోదు. ఈ ఉదాహరణను చర్చలోంచి తీసేయాలి. ఇంజినీరు గారు చెప్పిన అక్కడక్కడి కుంగుబాటు సాధ్యమే. కాని భూగర్భ జలాన్ని తోడేసినా, మెత్తటి చిత్తడి నేల మీద మెరక వేసి కట్టినా నేల కుంగుతుంది కదా?

కాలువల ఇంజినీరు:
కుంగుతుంది. అందుకే భూకంపం కోసం ప్రత్యేకంగా కొత్త కాలువలు కట్టమని నేను అడగడం లేదు. కాలువల అడుగు మట్టాలను ముందే కొలిచి దాచి ఉంచాలి. చెప్పుకోదగ్గ కంపం వచ్చిన వెంటనే మళ్లీ కొలవాలి. కుంగినది ఏ కారణంతోనైనా, పాత కొలత లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది చెరువు కట్టలు. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో చాంగ్, ఫతేగఢ్, శివలఖా వంటి మట్టి ఆనకట్టలు, పునాదిలోని ఇసుక పట్టు తప్పడం వల్ల బీటలు వారాయి, కుంగాయి. కరవు మూలంగా జలాశయాల్లో నీరు తక్కువగా ఉండబట్టి దిగువ ఊళ్లు బతికిపోయాయి. మన చెంబరంబాక్కం, పుళల్ కట్టలు నవంబరులో నిండు నీటితో ఉంటాయి. 2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలితేనే అడయారు ఒడ్డు ఏమైందో చూశాం. అది గేట్ల గుండా వచ్చిన నీరు మాత్రమే, కట్ట తెగి వచ్చినది కాదు.

లెక్కల మాస్టారు:
కట్టల విషయంలో మీతో ఏకీభవిస్తాను. కంపం వచ్చిన రోజే కట్ట పొడవునా నడిచి, బీటలు, ఊట చూసి, అవసరమైతే నీటి మట్టం తగ్గించే పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి. వీధి కాలువల విషయంలో మాత్రం నా మాట మారదు: ఉన్న పూడికే తీయని చోట మట్టాల కొలతలు బీరువాలో కాగితాలవుతాయి. ముందు పూడిక తీయించండి, అడుగు కనబడ్డాక కొలుద్దాం.

వేళచ్చేరి వాసి:
పూడిక తీసిన వారంలోనే కొలిస్తే రెండు పనులూ ఒకే ఖర్చులో అవుతాయి. మా వార్డు సభలో ఈ షరతునే పెట్టమని అడుగుతాను.