టోకమాక్ వీడియోలలో ప్లాస్మా అంచు రెండు గీతలుగా వస్తోంది, ఎందుకు?

ప్రశ్న (కాకినాడ, ఇంజనీరింగ్ విద్యార్థి):
ప్రాజెక్టు కోసం టోకమాక్‌లోని (అతివేడి అయనీకృత వాయువైన ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే కేంద్రక సంలీన యంత్రం) ప్లాస్మాను హైస్పీడ్ కెమెరాతో తీసిన వీడియోల మీద, చిత్రంలో అంచులను వెతికే క్యానీ అల్గారిథమ్ నడుపుతున్నాను. చాలా ఫ్రేములలో అంచు జంట గీతలుగా వస్తోంది, కొన్నింటిలో గోడ పలకల అంచులే ఎక్కువ స్పష్టంగా పడుతున్నాయి. గౌసియన్ సిగ్మా (చిత్రాన్ని ఎంత మసకబార్చాలో చెప్పే విలువ) పెంచితే అసలు గీతే చెదిరిపోతోంది. కోట్ల డిగ్రీల వేడి ఉండే నడిభాగం చీకటిగా, చల్లని అంచు వెలుగుతూ కనిపించడానికి కారణం కూడా చెప్పగలరా?

జవాబు (రాజమహేంద్రవరం, భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
మీ చివరి ప్రశ్నలోనే మొదటిదానికి సమాధానం ఉందండి. నడిభాగంలో హైడ్రోజన్ దాదాపు పూర్తిగా అయనీకరణం చెందుతుంది. ఎలక్ట్రాన్ లేని కేంద్రకం వర్ణరేఖలను ఇవ్వలేదు, అక్కడి ఉద్గారం ఎక్కువగా ఎక్స్‌-కిరణాలలో ఉంటుంది కనుక మామూలు కెమెరాకు అందదు. గోడల నుంచి వచ్చే తటస్థ పరమాణువులు మాత్రం అంచు దగ్గర ఎలక్ట్రాన్ల తాకిడికి ఉత్తేజితమై, 656 నానోమీటర్ల వద్ద ఎర్రని బామర్-ఆల్ఫా కాంతిని వెదజల్లుతాయి. అంటే మీరు చూస్తున్నది ఒక పలుచని వెలుగు గుల్ల. లాంతరు గాజుబుడ్డిని ఎదురుగా చూసినప్పుడు పక్క అంచులు చిక్కగా కనిపించినట్లే, చూపురేఖ గుల్లను ఒరుసుకుంటూ పోయే చోట ఎక్కువ దూరం వెలుగులోనే సాగి, ప్రకాశం పోగుపడుతుంది. ఆ వెలుగు పట్టీకి లోపల ఒక వాలు, బయట ఒక వాలు ఉంటాయి. క్యానీ రెండింటినీ అంచులుగానే పట్టుకుంటుంది. గ్రేడియంట్ దిశను (ప్రకాశం ఎటు పెరుగుతోందో) చూసి, బయటకు పోతూ ప్రకాశం తగ్గే గీతను మాత్రమే ఉంచుకోండి.

జవాబు (భీమవరం, ప్రోగ్రామర్):
పలకల సమస్యకు సిగ్మా మందు కాదు. ప్లాస్మా పుట్టకముందరి ఫ్రేమును తీసివేసినా, ప్లాస్మా వెలుగుకే గోడ మెరవడం మిగిలిపోతుంది. గోడ కదలదు కాబట్టి, ప్లాస్మా ఆకారం మారుతున్న దశలోని ఫ్రేములను తీసుకుని, వాటన్నింటిలో ఒకే చోట నిలిచే అంచులకు మాస్క్ వేసి లెక్కలోంచి తప్పించండి. నిలకడ దశలో ఈ పని చేస్తే ప్లాస్మా అంచే చెరిగిపోతుంది, జాగ్రత్త. అయితే ఆ పలకల మూలలను పారేయకండి: డ్రాయింగులలో వాటి స్థానాలు తెలిసి ఉంటే కెమెరా క్యాలిబ్రేషన్‌కు (చిత్రంలోని బిందువు యంత్రంలో ఎక్కడుందో లెక్కగట్టడానికి) వాటికి మించినవి దొరకవు.

జవాబు (అమలాపురం):
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూ ఒక మాట కలుపుతాను. వెలుగు అంచు, చిట్టచివరి మూసిన అయస్కాంత ఉపరితలం (ప్లాస్మా అసలు సరిహద్దు) ఒకటే కానక్కరలేదు. తటస్థ వాయువు, సాంద్రత, ఉష్ణోగ్రతలను బట్టి వెలుగు జరుగుతుంది. అందువల్ల అయస్కాంత కొలతలతో సరిపోల్చకుండా సెంటీమీటర్లలో అంకె ఇవ్వవద్దు. దీర్ఘకాలం నడిచే ప్లాస్మాలలో ఆ కొలతల ఇంటిగ్రేటర్లు (సంకేతాన్ని కాలంతో పాటు కూడుతూ పోయే పరికరాలు) క్రమంగా పక్కకు జారతాయి, అక్కడే కెమెరా విలువ పెరుగుతుంది. బ్రిటన్‌లోని మాస్ట్ టోకమాక్‌లో సరిహద్దును కెమెరా చిత్రాలతోనే పునర్నిర్మించి చూపారు. మీ వీడియో మన దేశపు ఆదిత్య టోకమాక్ తొలి రూపం వంటి వృత్తాకార ప్లాస్మాదైతే అంచు బిందువులకు వృత్తాన్ని అమర్చితే చాలు. డి ఆకారపుదైతే, వృత్తం బలవంతంగా అమర్చకుండా, అయస్కాంత ఉపరితలాల నమూనాను కెమెరా తలం మీదికి ప్రక్షేపించి పోల్చండి.